అత్తమ్మ చేతికొచ్చిన స్టీరింగు

ఇక మీదట బండి నడపవద్దని కంటి డాక్టరు చెప్పినప్పుడు మా మామయ్య పెద్దగా బాధపడలేదు. డెబ్బై రెండేళ్ళ మనిషి. "సరె, డ్రైవర్‌ను పెట్టుకుందాం" అన్నారు. అది అన్నంత తేలిక కాదని వారం తిరక్కుండానే మాకు తెలిసింది.

ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో మాకొక బైండింగు షాపు ఉంది. బడి నోటుబుక్కులు, కాలేజీ రికార్డులు, లైబ్రరీల పాత పుస్తకాలకు కొత్త అట్టలు, ఇదీ మా పని. కోడలిగా వచ్చిన కొత్తలో ఆ జిగురు వాసనకు నాకు తలనొప్పి వచ్చేది. ఇప్పుడు నలభై ఆరేళ్ళు నిండాయి, ఆ వాసన లేని చోట నాకు తోచదు. షాపు నేనూ మా ఆయనా చూసుకుంటాం. గౌలిగూడ లారీ ఆఫీసుల నుంచి కాగితం తేవడానికీ, తయారైన సరుకు చేరవేయడానికీ ఒక పికప్పు బండి ఉంది. మామయ్య పెళ్ళికి ముందే కొన్నది. గుండ్రటి దీపాలు, ఉబ్బిన బానెట్టు, వెనక చెక్క పలకల డబ్బా. ఎన్నిసార్లు రంగు వేయించినా అదే ముదురాకుపచ్చ.

మొదటి డ్రైవరు రెండు రోజులు నడిపి తాళంచెవి బల్ల మీద పెట్టేశాడు. "అమ్మా, గిది బండి కాదు, కసరత్తు. ఒక్క మూల తిరిగేసరికి నా రెక్కలు పోతున్నయ్" అన్నాడు. రెండో అతను ఒక్క పూటే ఉన్నాడు. వాళ్ళ తప్పేం లేదు. ఆ స్టీరింగు జానెడు దూరం ఉత్తినే తిరిగేది. ఆ తర్వాత పట్టుకున్నదంటే బండరాయిని దొర్లించినట్టే. ముందు వైపు ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప కమాన్ పట్టీలు. రోడ్డు మీది ప్రతి గుంతా నేరుగా వెన్నుపూసకు వచ్చి చెప్పేది. మామయ్య యాభై ఏళ్ళు దాన్ని తిప్పీ తిప్పీ భుజాలు పహిల్వాన్‌లా పెంచారు కాబట్టి ఆయనకు బరువు తెలియలేదు.

ఒక ఆదివారం అన్నాలు తింటుండగా మా ఆయన, కొత్త బండి తీసుకుని దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దామన్నారు. మామయ్య పప్పులో నెయ్యి మరోసారి వేసుకున్నారు, అంతే. అప్పుడు అత్తమ్మ పెరుగుగిన్నె కింద పెడుతూ అన్నది:

"నేను నడుపుత."

అత్తమ్మకు అరవై ఏడేళ్ళు. చేతిలో లైసెన్సు ఉంది. పిల్లలను బడికి దింపే రోజుల నుంచీ మా చిన్న కారు ఆమే నడుపుతుంది. కానీ పికప్పు సంగతి వేరు.

"నీతోని కాదే" అన్నారు మామయ్య.

"నాతోని అయ్యేటట్టు చేపియ్యున్రి."

నేను నవ్వాను. అత్తమ్మ నవ్వలేదు. నా వైపు చూసి, "నువ్వు ఫోన్ల అన్నీ ఎతుకుతవ్ గద బిడ్డా, గిది గూడ ఎతుకు" అన్నది. అప్పటిదాకా మా ఇద్దరి మధ్య మాటలు వంట గురించీ పిల్లల గురించీ తప్ప ఎక్కువ ఉండేవి కావు. ఆమె నన్నొక పని అడగడం, అదీ ఇలాంటి పని, నాకు వింతగానూ గొప్పగానూ అనిపించింది.

వెతికాను. పాత పికప్పులకు ముందు భాగం మొత్తం కొత్తగా చేసి పెట్టెలో పంపేవాళ్ళు విదేశాల్లో ఉన్నారట. పాత ఇరుసూ కమాన్ పట్టీలూ ఊడదీసి, ఛాసీకి, అంటే బండిని మోసే ఇనుప చట్రానికి, కింద ఒక అడ్డ దూలం బిగించి, దానికి ఇరువైపులా ఊగే చేతులు, చుట్ట స్ప్రింగులు, కొత్త బ్రేకులు పెడతారు. పాత స్టీరింగు బాక్సు స్థానంలో రాక్ వస్తుంది. రాక్ అంటే పళ్ళున్న పొడుగాటి కడ్డీ. స్టీరింగు తిప్పినప్పుడు అది పక్కకు జరిగి చక్రాలను తిప్పుతుంది. ఈ మాటలన్నీ నాకు ఆ వారంలోనే తెలిశాయి. అత్తమ్మకు చదివి వినిపిస్తే ఆమె బెండకాయలు తరగడం ఆపి మరీ విన్నది.

నాంపల్లి స్టేషను వెనక ఒక రేకుల షెడ్డులో మా బండికి వైద్యం చేసే పెద్దమనిషి ఉన్నారు. మామయ్యకు ముప్పై ఏళ్ళ నేస్తం. అందరూ ఉస్తాద్ అంటారు, మేమూ అంతే. ఫోనులో బొమ్మలు చూపిస్తే కళ్ళజోడు పైకెత్తి, దించి, చాలాసేపు చూశారు.

"అయితది అమ్మా. కాని జర టైం పడ్తది. ముందుగాల రవాణా ఆఫీసుల దరఖాస్తు పెట్టున్రి. స్టీరింగ్ మార్చినంక కాయితం లేకుంటే రోడ్డెక్కనియ్యరు."

మామయ్య పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నారు. "అసలు బండి అసలు లెక్కనే ఉండాలె. గిట్ల మారిస్తే బండి మొఖమే మారినట్టు" అన్నారు.

"మొఖం కాదు సాబ్, మోకాళ్ళు మారుస్తున్నం" అన్నారు ఉస్తాద్. "నిరుడు మీరు మార్పిచ్చుకోలేదా ఒకటి? మీరు మారిన్రా?"

మామయ్య తన కుడి మోకాలు వైపు చూసుకున్నారు. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పూటకు వాదన అక్కడితో ముగిసింది.

అనుమతి కాగితం చేతికొచ్చాక పెట్టె తెప్పించాం. నాంపల్లి పార్సిల్ గోదాము నుంచి ఉస్తాద్ షెడ్డు వరకు ట్రాలీ ఆటోలో వచ్చింది. ముగ్గురు ఆటోవాళ్ళు కలిసి దింపారు. మూత తీస్తే లోపల నల్లగా నిగనిగలాడే ఇనుము, నూనె కాగితాల్లో చుట్టి. అత్తమ్మ ఒక చుట్ట స్ప్రింగును రెండు చేతులా ఎత్తి చూసి, "మురుకు లెక్కున్నది" అన్నది.

పాత ఇరుసు ఊడదీసిన రోజు మామయ్య పొద్దున్నే వచ్చేశారు. తీసే ముందు ఉస్తాద్ తాడుకు గుండు కట్టి వేలాడదీసి, ఇరుసు నడిమధ్య ఎక్కడ పడుతుందో ఛాసీ మీద సుద్దతో గీసుకున్నారు. తర్వాత బోల్టులు ఒక్కొక్కటే వచ్చాయి. కొన్ని పానాకు లొంగలేదు, నిప్పు పెట్టి కాల్చాల్సి వచ్చింది. ఇరుసు నేల మీద పడినప్పుడు వచ్చిన చప్పుడుకు మామయ్య లేచి నిలబడ్డారు. ఆయన మొహం చూసి ఉస్తాద్ పాత స్టీరింగు బాక్సును తుడిచి, ఒక గోనెగుడ్డలో చుట్టి ఆయన ఒళ్ళో పెట్టారు. మామయ్య దాన్ని ఇంటికి తెచ్చి కిరసనాయిలుతో కడిగి, టీవీ పక్కన పెట్టుకున్నారు. అత్తమ్మ ఏమంటుందోనని చూశాను. ఆమె దాని కింద ఒక పాత అట్టముక్క వేసింది, బల్లకు మరకలు పడకుండా.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. అడ్డ దూలం సుద్ద గీతల ప్రకారమే పెట్టినా కుదరలేదు. ఎడమ చక్రం కుడిదానికన్నా వేలెడు వెనక్కి ఉన్నట్టు కనిపించేది. ఉస్తాద్ చిన్న చిన్న వెల్డింగు చుక్కలతో నిలబెట్టి, కొలిచి, కోసేసి, మళ్ళీ నిలబెట్టారు. మూడు రోజులు అదే పని. నాలుగో రోజు మేము వెళ్ళేసరికి ఆయన బండి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, మాట్లాడితే కోపం వచ్చేలా ఉన్నారు.

అత్తమ్మ వంగి చూసింది. షాపులో చేరినప్పటి నుంచీ అట్టలు కోసే పని ఆమెదే. నలభై ఏళ్ళుగా వేల అట్టలు కోసింది.

"ఉస్తాద్, మూల నుంచి మూలకు కొలిచిన్రా?" అని అడిగింది.

"పక్కలు కొలిచిన అమ్మా. రెండు పక్కలు సమానమే."

"అట్ట గూడ గంతే. పక్కలు సమానముంటయ్, కాని అడ్డగోలుగ కోసుకపోతది. ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు కొలిస్తెనే తెలుస్తది."

ఉస్తాద్ ఆమెను ఒక క్షణం చూసి తాడు అందించారు. ఒక కొస నేను పట్టుకున్నాను, రెండో కొస ఆమె పట్టుకుంది. వెనక కమాను బోల్టు నుంచి ముందు కొస వరకు, ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి. బొటనవేలంత తేడా వచ్చింది. ఛాసీయే ఎడమ మూల లోపలికి వంగి ఉంది.

"ఎక్కడో గుద్దిన్రు దీన్ని. గట్టిగ గుద్దిన్రు" అన్నారు ఉస్తాద్.

మామయ్య చేతిలో ఉన్న టీ గ్లాసులోకి చూస్తున్నారు.

"ఏమండి" అన్నది అత్తమ్మ.

"చానా రోజులైంది" అన్నారు మామయ్య. "నువ్వు తొలి కాన్పుకు పుట్టింటికి పోయినప్పుడు. గోడౌన్ గోడకు తాకింది. సుత్తె తీసుకొని నేనే సక్కగ చేసిన."

"నాకు చెప్పలేదు."

"చెప్తే బండి అమ్మెయ్యమంటవని."

అత్తమ్మ ఆ లెక్క వేసుకుంటున్నట్టు కళ్ళు పైకెత్తింది. ఆ కాన్పులో పుట్టిన కొడుక్కి, అంటే మా ఆయనకు, ఇప్పుడు నలభై ఏడేళ్ళు. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నేనూ ఆపుకోలేకపోయాను. ఉస్తాద్ ముఖం పక్కకు తిప్పుకున్నారు కానీ ఆయన భుజాలు ఊగుతూనే ఉన్నాయి. చివరికి మామయ్య కూడా నవ్వేశారు, సగం సిగ్గుతో. గొలుసు కట్టి, జాకీ పెట్టి ఆ మూలను బయటికి లాగడానికి ఒక పూట పట్టింది. ఆ తర్వాత అడ్డ దూలం తన చోటు తానే వెతుక్కున్నట్టు వచ్చి కూర్చుంది.

రెండో చిక్కు రాక్‌తో. పెట్టెలో వచ్చినది ఎడమ పక్క కూర్చుని నడిపే దేశాలకు చేసినది. మనది కుడి పక్క. ఈ సంగతి నేను ముందే చూసుకోవాల్సింది, చూసుకోలేదు. ఉస్తాద్ నన్ను ఒక్క మాట కూడా అనకుండా, పాత సామాన్ల దుకాణం నుంచి ఏదో చిన్న కారు రాక్ తెచ్చి బిగించారు. దాంతోపాటు అదే కారు స్టీరింగు కడ్డీ కూడా తెచ్చారు. దానికి చిన్న మోటారు ఉంటుంది, చెయ్యి పెడితే చాలు, మిగతా బలం అదే పెడుతుంది.

బండి ఇంకా దిమ్మెల మీదే ఉంది, ముందు చక్రాలు గాలిలో. "రండమ్మా, మొదటి చెయ్యి మీదే" అన్నారు ఉస్తాద్. అత్తమ్మ చెప్పులు విడిచి ఎక్కి కూర్చుంది. కొంగు నడుముకు దోపుకుంది. స్టీరింగు కుడికి తిప్పింది. వెన్నలో వేలు పెట్టినంత మెత్తగా తిరిగింది. ఆమె ముఖం వెలిగిపోవడం నేను అద్దంలోంచి చూశాను.

బయట నిలబడ్డ మామయ్య, "ఎటు తిప్పినవే?" అని అడిగారు.

"కుడికి."

"చక్రాలు ఎడమకు పోయినయ్."

ఆమె ఎడమకు తిప్పింది. చక్రాలు కుడికి పోయాయి. మళ్ళీ తిప్పింది. మళ్ళీ అంతే.

"అచ్చం మీ లెక్కనే ఉన్నది" అన్నది అత్తమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి.

ఉస్తాద్ నుదురు కొట్టుకున్నారు. ఆ చిన్న కారులో రాక్ ఇరుసుకు వెనక ఉంటుందట. మా కొత్త అమరికలో అది ఇరుసుకు ముందుంది. చోటు మారితే దిక్కూ మారుతుంది. ఇరుసుకు ముందు రాక్ ఉండే బండి ఏదో వెతికి దాని రాక్ తేవాలి. ఆయన మొహం వాడిపోవడం చూసి అత్తమ్మ, "మంచిదే గద, గాలిల ఉన్నప్పుడే తెలిసింది. ఫికర్ చేయకున్రి" అన్నది.

మర్నాడు ఆమె షాపుకొచ్చి మందపాటి అట్ట ఒకటి తీసి, రాక్ ఎంత పొడుగుండాలో, బోల్టు రంధ్రాలు ఎక్కడ రావాలో గీసి, కత్తితో కోసింది. ఆ అట్ట చంకలో పెట్టుకుని గౌలిగూడ వైపు పాత సామాన్ల దుకాణాలకు బయలుదేరింది. ఉస్తాద్ ముందు, మేమిద్దరం వెనక. ప్రతి దుకాణంలోనూ అత్తమ్మ ఒకటే ప్రశ్న: "గిది ఇరుసుకు ముంగట ఉంటదా, ఎనక ఉంటదా?" మొదటి దుకాణంలో అతను ఉస్తాద్ వైపు చూశాడు, జవాబు ఎవరికి చెప్పాలో తెలియక. రెండో చోట కుర్చీ వేశారు. మూడో చోట టీ తెప్పించారు. నాలుగో చోట ఒక ముసలాయన లోపలికి వెళ్ళి, దుమ్ము దులుపుకుంటూ ఒక రాక్ తెచ్చి అట్ట మీద పెట్టాడు. రంధ్రాల మీద రంధ్రాలు కూర్చున్నాయి, ఒక్కటి తప్ప.

"ఒక్కటి నేను చేస్త" అన్నారు ఉస్తాద్.

తిరుగు దారిలో ఆటోలో ఆ రాక్ మా ఇద్దరి ఒళ్ళో అడ్డంగా పడుకుంది. నా చీరకంతా మడ్డి. అత్తమ్మ తన పుట్టింటి సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఎడ్లబండి మీద ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని పగ్గాలు చేతికిచ్చేవాడట. ఎడ్లకు ఆమె గొంతు తెలుసట. ఇరవై రెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఈ కబురు నేనెప్పుడూ వినలేదు. కోఠి దగ్గర బస్సుల మధ్య ఆటో ఇరుక్కుపోయినా నాకు విసుగు రాలేదు.

ఇంకో పది రోజుల్లో బండి నేల మీద నిలబడింది. చక్రాల అలైన్‌మెంటు సరిచూపించాం. రవాణా ఆఫీసు అధికారి వచ్చి కిందికి వంగి, వెల్డింగులన్నీ టార్చి వేసి చూసి, ఎవరు నడుపుతారని అడిగాడు. అత్తమ్మ చెయ్యెత్తింది. ఆయన ఆమె లైసెన్సు రెండుసార్లు తిప్పి చూశాడు. తర్వాత పక్కన కూర్చుని ఒక చుట్టు తిరిగొచ్చి సంతకం పెట్టాడు. "బ్రేకులు మంచిగున్నయ్ అమ్మా" అన్నది ఒక్కటే ఆయన మాట.

మరుసటి ఆదివారం పొద్దున నాంపల్లి నుంచి బండి ఇంటికి తెచ్చుకున్నాం. అత్తమ్మ స్టీరింగు ముందు, నేను మధ్యలో, మామయ్య ఎడమ కిటికీ పక్కన. ఉస్తాద్ షెడ్డు బయటి దాకా వచ్చి, ఎదురుగా వచ్చే ఆటోలను చెయ్యెత్తి ఆపి, మాకు దారి ఇప్పించారు. స్టేషను ముందు రోడ్డు మీద గుంతలు ఎప్పటిలాగే ఉన్నాయి. కానీ ఈసారి బండి వాటిలోకి దిగి, ఊపిరి తీసుకున్నట్టు పైకి లేచింది. నేను మామయ్య వైపు చూశాను. అక్కడ లేని బ్రేకును ఆయన కుడి కాలు తొక్కుతూనే ఉంది.

"జర మెల్లగ" అన్నారు.

"ఇరవై గూడ లేదు" అన్నది అత్తమ్మ.

మా సందు మలుపు వచ్చింది. ఆమె తిరగలేదు. నేరుగా పోనిచ్చింది. "అత్తమ్మా, ఇల్లు ఇటు" అన్నాను. "తెలుసు" అన్నది. గన్‌ఫౌండ్రీ దాకా పోయి తిప్పుకుంది. మళ్ళీ వచ్చి, లక్డీకాపూల్ వైపు పోయి అక్కడా ఒకసారి తిప్పుకుంది. తిప్పడం కోసమే తిప్పుతోందని నాకు అర్థమైంది. ప్రతి మలుపులోనూ ఆమె అరచేతులు స్టీరింగు మీద జారుతూ, వదులుతూ, పట్టుకుంటూ ఉన్నాయి. పిండి కలిపేటప్పుడు ఆమె చేతులు అలాగే ఉంటాయి. ఆ పొద్దున నాకు ఎందుకో నవ్వు ఆగలేదు. ఆమె నా వైపు చూడకుండానే, "ఏందే, ఏమైంది?" అంటుంది, నేను "ఏం లేదు" అంటాను, ఇద్దరం మళ్ళీ నవ్వుతాం. మామయ్య కిటికీ బయటికి చూస్తూ, దారిలో గుర్తుపట్టిన ప్రతి దుకాణందారుకూ చెయ్యి ఊపుతున్నారు. అందులో సగం మంది ఆయనకు ఎదురు ఊపి, ఆ తర్వాత నడిపేదెవరో చూసి చెయ్యి అలాగే గాలిలో నిలిపేశారు.

ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు కాలిబాట మీద పరుస్తారు. అక్కడ పక్కకు ఆపి, పూలు కొనుక్కొస్తానని అత్తమ్మ దిగింది, ఇంజను ఆపకుండానే. నేను ఒక పుస్తకాల గుట్ట వైపు నడిచాను. అట్ట ఊడిన నిఘంటువు ఒకటి కనిపిస్తే కుట్టు ఎలా ఉందోనని తిప్పి చూస్తున్నాను. తలెత్తితే మామయ్య సీటు మీద జరిగి, స్టీరింగు ముందుకు వచ్చి కూర్చున్నారు. బండి కదలడం లేదు. ఒక్క వేలితో స్టీరింగును ఎడమకు తిప్పారు. తల బయటపెట్టి చక్రం చూసుకున్నారు. కుడికి తిప్పారు. మళ్ళీ చూసుకున్నారు. అలా ఎన్నిసార్లు తిప్పారో. కొత్త ఆట దొరికిన ముఖం.

మల్లెపూల పొట్లంతో అత్తమ్మ నా పక్కకు వచ్చి నిలబడింది. ఆమె కూడా చూస్తోంది. నేను పిలవబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆయన ఇంకో రెండుసార్లు తిప్పుకునే దాకా ఉండి, అప్పుడు నడిచి వెళ్ళి కిటికీ మీద వేళ్ళతో కొట్టింది.

"జరుగున్రి. నిలబడ్డ కాడ తిప్పితే టైర్లు అరుగుతయ్."

"నేనేం తిప్పలే" అన్నారు మామయ్య, తన చోటికి జరుగుతూ.

"ఔ, నేను గూడ ఏం చూడలే" అన్నది అత్తమ్మ. పూలపొట్లం ఆయన ఒళ్ళో పెట్టి, నేను ఎక్కేదాకా ఆగి, గేరు వేసింది.